దారం లేని కుట్టు

ఇందిరమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టిన పూటనే మిషను సంగతి తేలిపోయింది. సంగారెడ్డిలో, దవాఖాన పక్క సందులో రెండు అర్రల కిరాయి ఇల్లు. ముందర అర్రలో, కిటికీ పక్కన, కాలితో తొక్కే కుట్టుమిషను ఒకటి ఆకుపచ్చ దుప్పటి కప్పుకొని ఉంది. ఎవరో ముసుగు వేసుకొని మూలకు కూర్చున్నట్టే ఉంది.

ఇల్లుగలామె అక్తరీ బేగం వయసు మళ్ళిన మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. అదే వాకిట్లో అవతలి భాగంలో ఒక్కతే ఉంటుంది. తాళంచెవి ఇందిరమ్మ చేతిలో పెట్టి, గడప మీదనే నిలబడి చెప్పింది.

"ఇల్లంత నీదే బేటీ. ఆ మిషనొక్కటి నీది గాదు. ముట్టద్దు, జరపద్దు."

"మీ అర్రల పెట్టుకోరాదా బేగమమ్మా. మాకు సామాను సర్దుకునే జాగ అయితది."

"అది ఉన్నకాడ్నే ఉంటది."

ఇందిరమ్మ భర్త యాదగిరి సర్కారు బస్సులో కండక్టరు. జహీరాబాదులో ఎక్కితే హైదరాబాదులో దిగుతాడు, మళ్ళీ వెనక్కి. బస్సు మీద నలుగురితో నవ్వుతూ తిరిగేవాడు కనక మూలన ఒక మిషనుంటే అతనికేమీ అడ్డం కాలేదు. పైగా దాని మీద టోపీ తగిలించబోయి బేగం చూపుకు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మనకు దవాఖాన దగ్గరుండుడు కావాలె గని మిషనుతోని ఏం పని?" అన్నాడు.

ఆ మాట నిజం. రుద్రారంలో సొంత ఇల్లు విడిచి కిరాయి ఇంటికి వచ్చిందే అందుకోసం. మొదటి కాన్పు బిడ్డ మంత్రసాని చేతుల్లోనే చల్లబడిపోయింది. రెండో బిడ్డ పురుటి స్నానమైనా కాకముందే కన్నుమూసింది. ఇప్పుడు ఇందిరమ్మకు ఐదో నెల. ఈసారి నొప్పులు మొదలైతే నడిచి పోయేంత దూరంలో డాక్టరమ్మ ఉండాలని యాదగిరి పట్టుబట్టి తెచ్చాడు. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఇందిరమ్మకు సంతోషం కన్నా ముందు భయమే వచ్చేది.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం నమాజు చేసుకొని అక్తరీ బేగం నూనె బుడ్డితో వచ్చింది. అడగకుండానే లోపలికి వచ్చి, దుప్పటి తీసి మడతపెట్టి, మిషను ఒళ్ళంతా తుడిచింది. సందుల్లో నూనె చుక్కలు వేసింది. తర్వాత సొరుగులోంచి ఏదో బట్ట తీసి సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. టకటకమని ఇల్లంతా చప్పుడు. ఇందిరమ్మ వంటింట్లో పప్పు ఏరుతూ తొంగి చూసింది. బేగం పెదవులు కదులుతున్నాయి. బట్ట ముందుకు పోతోంది. ఎంతసేపు చూసినా మిషను నెత్తి మీద దారపు కండె మాత్రం కనిపించలేదు.

ఇందిరమ్మకు కుట్టుపని రాదు. కానీ దారం లేకుండా కుట్టు ఉండదని ఎవరికి తెలియదు?

"ఏం కుడ్తున్నరు బేగమమ్మా?"

"ఏం కుడ్తలేను."

"మరి తొక్కుతున్నరు గద."

"తొక్కుతున్న. అంతే." బట్టను సొరుగులో పెట్టి, దుప్పటి కప్పి, బేగం వెళ్ళిపోయింది.

మళ్ళీ శుక్రవారం అదే తంతు. ఆ పై శుక్రవారమూ అంతే. అదే వేళ, అదే నూనె బుడ్డి, అదే పెదవుల కదలిక, దారం లేని అదే సూది.

ఒకరోజు మాటల్లో పెట్టి అడిగితే, మిషను తనకు పుట్టింటివాళ్ళు పెట్టిందని చెప్పింది బేగం. సరే అనుకుంది ఇందిరమ్మ. ఆ వారంలోనే లతీఫ్ అనే మనిషి వాకిట్లోకి వచ్చాడు. పాన్ నములుతూ, అర్రలోకి మెడ సాచి చూస్తూ, మిషను ఎవరిదని గట్టిగా అడిగాడు.

"కొన్న. పైసలిచ్చి కొన్న. నీకేం హక్కున్నది, నడువ్," అంది బేగం.

తలుపు చాటునుంచి ఆ మాట ఇందిరమ్మ చెవిన పడింది. పుట్టింటివాళ్ళు పెట్టిన వస్తువును మళ్ళీ కొనుక్కోవడం ఎట్లా? ఒక మిషనుకు రెండు పుట్టుకలెందుకు?

అక్కడితో ఆగలేదు. ఒక సాయంత్రం యాదగిరి డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటుంటే బేగం గోడ అవతలి నుంచి పిలిచింది.

"కండక్టర్ సాబ్. జహీరాబాద్ నుంచి బస్సుల బురఖా ఆమె ఎవరన్న వస్తున్నదా?"

"బురఖాలోళ్ళు రోజు పది మంది ఎక్కుతరు బేగమమ్మా. మొకం కనవడదాయె. ఎవరని జెప్పాలె?"

"మొకం ఎందుకు? టికెట్ తీసుకునే చెయ్యి జూడు. ఎడమ చేతి చూపుడు వేలు గోరు నడుమకు చీలి ఉంటది. కనబడ్తె నాకు చెప్పు. ఇంకెవ్వరికి చెప్పకు."

యాదగిరి నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. "ఇగ చేతులు చూసుకుంట తిరగాలె. టికెట్లు కొట్టుడు బంద్ జేసి జాతకం చెప్పుకోవచ్చు."

ఇందిరమ్మకు నవ్వు రాలేదు. చీలిన గోరు ఆమెతో ఈమెకేం పని? ఇంకెవ్వరికీ చెప్పొద్దని ఎందుకు? ఇంట్లో తను నిద్రపోతున్నప్పుడు కూడా ఆ దుప్పటి కిందినుంచి ఏదో తనను చూస్తున్నట్టు అనిపించసాగింది. మంచం అర్రలో ఆ మూలనుంచి ఈ మూలకు జరిపింది. తల అటువైపు పెట్టడం మానేసింది.

చివరికి ఒకనాడు బేగం బజారుకు వెళ్ళగానే సొరుగు లాగింది. లోపల తిరుగుళ్ళు, అంటే స్క్రూలు, విప్పే చిన్న పనిముట్టు, నూనె గుడ్డ, దాని కింద మడతపెట్టిన బట్ట. ఇందిరమ్మ బట్ట విప్పి చూసింది. అది తన చీర ముక్క. పసుపుపచ్చ గళ్ళ చీర, చివికిపోతే చింపి మసిబట్టలకు వాడుకున్నది. వాకిట్లో గోడ మీద ఆరేసిన ముక్క ఒకటి పోతే కాకి ఎత్తుకుపోయిందనుకుంది. ఇప్పుడు దాని నిండా సూది పోట్లు, వరస మీద వరస. కిటికీకి ఎత్తి పట్టుకుంటే పోటుపోటులోంచి వెలుతురు వచ్చింది.

మెదక్ వైపు, ఆ మెతుకు సీమలో పుట్టిన ఆడమనిషికి ఆ బట్ట ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఒంటి మీది బట్ట, సూది పోట్లు, శుక్రవారం, పెదవుల కదలిక. బాణామతి, మనుషుల ప్రాణం తీసే చేతబడి. ఆ మాటను నోటితో అనడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. బట్టను ఉన్నట్టే మడిచి సొరుగులో పెట్టేసింది.

యాదగిరికి చెబితే కొట్టిపారేశాడు. "మసిబట్ట దొరికింది, తుడుసుకున్నది. దానికింత కథనా?"

"తుడుసుకుంటె తూట్లెట్ల పడ్తయి? నాకెరుక లేదు. ఈ ఇంట్ల నేనుండ. పటాన్‌చెరువుకు పోదాం. మా చిన్నమ్మ ఇంట్ల ఒక అర్ర ఖాళీగున్నది."

"ఆడ దవాఖాన ఏది?"

"ఈడ దవాఖాన ఉన్నది. బిడ్డ ఉంటదా?"

రెండు సార్లు చిన్న బట్టమూటను చేతుల మీద మోసుకుపోయినవాడు యాదగిరి. ఆదివారం తన బస్సు మీదే సామాను వేసుకుపోదామన్నాడు.

ఇల్లు ఖాళీ చేస్తామని చెబితే అక్తరీ బేగం ఎందుకని అడగలేదు. ఇందిరమ్మ ముఖం వంకా, మిషను వంకా చూసింది. "మిషనుకు ఏం కాలేదు గదా?" అంది. అంతే. ఇందిరమ్మకు అది మరీ మండింది. పోయే మనిషి ఎట్లున్నదని లేదు, మిషనుకేమైందట.

సామాను సర్దడానికి చిన్నమ్మ నర్సింహమ్మ పటాన్‌చెరువు నుంచి ముందురోజే వచ్చింది. చీర ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత మిషను చుట్టూ తిరిగింది.

"పోతే సరిపోదే. నువ్వు ఏడికి పోయినా ఆ పోటు వెంబడి వస్తది. చేసేటోళ్ళ పండ్లు ఊడగొడితె మంత్రం పారదు."

"ఆమె పండ్లా?" అంది ఇందిరమ్మ బెదిరిపోయి.

"మనుషులను ముట్టుడు మనతోని అయ్యే పనా? చేసే మనిషి నోరు కదిలింది గని, పోటు పొడిచింది ఇది. దీనికి పండ్లున్నయా చూడు."

ఉన్నాయి. సూది కింద నున్నటి చిన్న పలక. పలకలో సన్నటి చీలికలు. ఆ చీలికల్లోంచి, బట్టను పట్టి ముందుకు నెట్టే ఇనుప పళ్ళు, వరసగా, ఎలుక పళ్ళంతవి. నర్సింహమ్మ గుమ్మం దగ్గర కాపలా నిలబడింది. ఇందిరమ్మ సొరుగులోని పనిముట్టుతోనే పలక తిరుగుళ్ళు విప్పింది. పళ్ళను పట్టి ఉంచిన తిరుగుళ్ళు రెండూ విప్పి ఆ ఇనుప ముక్కను బయటికి లాగింది. నూనెతో జారుతూ చల్లగా ఉంది. పలకను మళ్ళీ ఉన్నట్టే బిగించి, దుప్పటి కప్పేసింది. పళ్ళకూ తిరుగుళ్ళకూ పసుపు రాసి కొంగున ముడేసుకుంది.

"రుద్రారం దాటినంక వాగొస్తది గద. బస్సు కిటికీలకెళ్ళి నీళ్ళల్ల ఇడిసిపెట్టు. వెనుకకు చూడకు," అంది నర్సింహమ్మ.

మరునాడు పొద్దున, పోయే ముందు, చీర ముక్కను కూడా తీసుకుందామని సొరుగు లాగితే అది అక్కడ లేదు. బేగం ఎప్పుడో తీసుకుపోయింది.

ఆదివారం పొద్దున బస్సు జహీరాబాదు నుంచి వచ్చి సంగారెడ్డిలో ఆగింది. పైన సామాను కడుతున్నారు. దిగేవాళ్ళు దిగుతున్నారు. నల్లటి బురఖాలో ఒకామె, వెంట మీసాలు సన్నగా కత్తిరించుకున్న మగమనిషి దిగి, యాదగిరితో ఏదో చెప్పారు. అతను తలూపగానే సందు వైపు నడిచారు. ఇందిరమ్మ అప్పుడే ఎక్కి, చిన్నమ్మ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. కొంగు ముడిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

బస్సు కంది ఊరు దాటాక యాదగిరి టికెట్లన్నీ కొట్టి వచ్చి వాళ్ళ సీటు పక్కన ఆనుకొని నిలబడ్డాడు.

"బేగమమ్మ అడిగిన మనిషి ఇయ్యాల నా బస్సులనే వచ్చింది. గోరు సగానికి చీలి ఉన్నది. సూది దిగిందట ఒకప్పుడు."

"ఎవలామె?" అంది ఇందిరమ్మ.

"రషీదున్నీసా అట. మనకంటె ముందు అదే ఇంట్ల కిరాయికుండె. మొగడు దర్జీ. చచ్చిపోయిండు. మిషను వాళ్ళదే. మరిది మిషను గుంజుకొని అమ్ముకుంటనని మీదబడ్డడట. పాన్ నములుకుంట ఒకడు వస్తుండె జూడు, లతీఫ్, వాడే. బండి మీదేసుకొని పోతె తొవ్వల గుంజుకుంటడని, మిషను ఉన్నదున్నట్టు విడిచి, కట్టుబట్టలతోని తల్లిగారింటికి పోయింది. బేగమమ్మ దగ్గర అమానత్ పెట్టిపోయింది, మళ్ళ వచ్చేదాక భద్రం జెయ్యుమని. ఎవలదని ఎవ్వరికి చెప్పనని ఈమె ఒట్టేసిందట. ఇప్పుడు అన్న ఖాసింను తోలుకొని వచ్చింది. జహీరాబాద్‌ల మిషను పెట్టుకుంటదట."

"మరి దారం లేకుంట తొక్కుడేంది?" అంది నర్సింహమ్మ.

"అది నేను అడగలే. నాకు మిషనెరుకనా?" అని యాదగిరి ముందుకు పోయాడు.

ఇందిరమ్మకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. నడవకపోతే ఇనుము పట్టేస్తుంది. నడిపితే కుట్టు పడుతుంది. పరాయి మిషను మీద ఒక్క కుట్టు కుట్టుకున్నా అది వాడుకున్నట్టే. అందుకే దారం పెట్టలేదు ఆమె. అర్థమైంది గానీ కొంగు ముడి విప్పలేదు. ఈ లెక్కంతా సరిగ్గా కుదిరిందని నమ్మమంటే ఎట్లా నమ్మేది? పెదవులు ఎందుకు కదిలినయ్? అన్ని బట్టలుండగా తన చీర ముక్కే ఎందుకు? నమ్మి వెనక్కి ఇచ్చేస్తే, రేపు ఏదైనా అయితే?

"ఇవన్ని కతలు. పారెయ్యి," అని చిన్నమ్మ చెవిలో అంది. "వాగొస్తున్నది."

రుద్రారం చెట్లు కనిపించాయి. ఇందిరమ్మ పుట్టిందీ మెట్టిందీ ఆ ఊర్లోనే. ఊరి చివర గుడిసెలో ఒక ముసలామె ఉండేది. ఎవరి బర్రెకో పాలు ఎండిపోతే ఈమె చేసిందన్నారు. ఇందిరమ్మ చిన్న పిల్లగా ఉన్నప్పుడే ఆమె ముందరి పళ్ళు ఊడగొట్టారు. ఆ తర్వాత ఆమె జొన్నరొట్టెను నీళ్ళలో నానబెట్టుకొని, చిగుళ్ళతో మెత్తగా చేసుకొని మింగుతుంటే పిల్లలు గుంపుగా నిలబడి చూసేవాళ్ళు. బర్రె మళ్ళీ పాలిచ్చిందో లేదో ఇందిరమ్మకు గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఆ నోరు మాత్రం గుర్తుంది.

"బస్సు ఆపుమను," అంది.

"ఏందే?"

"ఆపుమను చిన్నమ్మా. నేను దిగుత."

యాదగిరి పరుగున వచ్చాడు, కడుపులో ఏమైందోనని. ఇందిరమ్మ కొంగు ముడి చూపించి, రెండు ముక్కల్లో చెప్పింది. అతని ముఖం మాడిపోయింది. డ్యూటీ విడిచి రాలేడు. ఎదురుగా వచ్చే బస్సు కండక్టరు జంగయ్యకు తన పేరు చెప్పమని, జాగ్రత్తగా ఎక్కమని చెప్పి, విజిలు వేశాడు. నర్సింహమ్మ సామానుతో ముందుకు పోయింది, ముఖం తిప్పుకొని.

ఇందిరమ్మ తిరిగి వచ్చేసరికి ఇంటి తలుపు తెరిచే ఉంది. దుప్పటి తీసేసి ఉంది. రషీదున్నీసా బురఖా ముసుగు వెనక్కి వేసుకొని మిషను ముందు కూర్చుంది. సన్నటి మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. తొక్కుతోంది. సూది పైకీ కిందికీ ఆడుతోంది, బట్ట మాత్రం ఉన్నచోటే ఉంది. అక్తరీ బేగం గోడకానుకొని నేల మీద కూర్చుంది. ఖాసిం ఆమె వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

"పండ్లు ఎట్ల పోతయ్ ఖాలా? తుప్పు బడ్తె తుప్పు బట్టినయనుకుంటం. ఎత్తుకపోయినట్టున్నది. లతీఫ్‌కు ఇయ్యలేదు గదా?"

"నేను ఇయ్యలే."

"మరి ఎవలకు ఇచ్చినవ్?"

ఇందిరమ్మ మీద అనుమానం బేగానికి రాకపోయి ఉండదు. అయినా తన దగ్గర పెట్టిన వస్తువుకు తనే జవాబుదారీ అన్నట్టు, పేరెత్తకుండా కూర్చుంది.

"ఆమె ఇయ్యలే. నేను పీకిన," అంది ఇందిరమ్మ గడప దగ్గర నిలబడి.

ముగ్గురూ తలలెత్తారు. ఇందిరమ్మ కొంగు ముడి విప్పి, పసుపంటిన ఇనుప ముక్కను మిషను పలక మీద పెట్టింది. పక్కన ఒక తిరుగుడు పెట్టింది.

అక్తరీ బేగం లేచి వచ్చి పసుపు చూసింది. వేలితో ముట్టి వాసన చూసింది. ఇన్నేళ్ళు మెతుకు సీమలో బతికిన మనిషి. అడగాల్సిన పని లేకపోయింది.

"బాణామతి అనుకున్నవా?"

"నా చీర ముక్క నిండ తూట్లున్నయి బేగమమ్మా. నాకు ఇద్దరు పోయిన్రు."

"గోడ మీద మసిబట్ట కనబడ్డది. బట్ట లేకుంట తొక్కితె పండ్లు అరుగుతయని తీసుకున్న. కొత్తబట్ట ఏడికెళ్ళి తేవాలె?"

"పెదవులు కదిలిస్తుండ్రి."

"దరూద్ చదువుకుంటుంటి, పైగంబర్ పేరు మీద దువా. ఖాళీగ తొక్కుకుంట ఏం చెయ్యాలె, నీ లెక్క పప్పు ఏరాల్నా?" అంది బేగం. గొంతులో కోపం ఉంది. వెంటనే చెయ్యి చాపింది. "తిరుగుళ్ళు రెండుంటయి. ఇంకొకటి ఏది?"

ఇందిరమ్మ కొంగు వెతుక్కుంది. లేదు. బస్సులో పడిందో, రుద్రారంలో పడిందో. బేగం ఆ కొంగును తన చేతుల్లోకి తీసుకొని, అంచు నుంచి అంచు దాకా వేళ్ళతో నొక్కి చూసింది. దొంగను వెతికినట్టే వెతికింది. ఇందిరమ్మ కదలకుండా నిలబడి వెతకనిచ్చింది. ముడి ముడతలో, పసుపు ముద్దలో అంటుకొని ఉంది తిరుగుడు. బేగం దాన్ని గోటితో గీకి తీసి, అప్పుడు గానీ కొంగు విడిచిపెట్టలేదు.

రషీదున్నీసా రెండూ బిగించింది. తను తెచ్చుకున్న కండె పెట్టి, దారం ఎక్కించి, "బట్ట," అంది. బేగం తన అర్రలోకి పోయి ఆ పసుపుపచ్చ గళ్ళ చీర ముక్కే తెచ్చింది. ఇందిరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. రషీదున్నీసా సూదిపోట్ల వరస ఒకటి చూసుకొని దాని మీదనే కుట్టుకుంటూ పోయింది. తెల్లటి గట్టి కుట్టు. చివర పళ్ళతో దారం తెంపి, బట్ట లాగి చూసింది. తర్వాత బేగం చేతిని రెండు చేతులతో పట్టుకొని కళ్ళకద్దుకుంది. ఖాసిం బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎన్నో నెల చెల్లే?" అని రషీదున్నీసా ఇందిరమ్మను అడిగింది. "ఒక చిన్న అంగీ కుట్టి ఇస్త. పోయేలోపల అయిపోతది."

"వద్దు," అంది ఇందిరమ్మ గబుక్కున. "మాకు పుట్టకముందు కుట్టించరు."

అది నిజమే. కానీ ఎంత గబుక్కున అందో ఆమెకే వినిపించింది. అక్తరీ బేగానికీ వినిపించినట్టుంది.

"పుట్టినంకనే కుట్టు," అంది బేగం రషీదున్నీసాతో. "ఈమె మొగడు బస్సులనే ఉంటడు, పంపిస్తడు."

సాయంత్రం బస్సుకు మిషను ఎక్కింది. లతీఫ్ కనిపించలేదు. ఇందిరమ్మ బస్సు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేసరికి ముందర అర్రలో కిటికీ పక్కన మిషను కాళ్ళు నొక్కుకుపోయిన నాలుగు గుంటలు ఉన్నాయి. అక్తరీ బేగం గడప మీద నిలబడి, తాళంచెవి తిప్పుకుంటూ ఉంది.

"సామాను పటాన్‌చెరువుల దిగిందా?"

"దిగింది."

"రేపు బస్సుకు తెప్పించుకో. ఆడ దవాఖాన లేదు."

"మీరు నన్ను ఉండనిస్తరా?"

"నీ మీద నమ్మకం లేదు," అంది బేగం. "ఇగ ఈ ఇంట్ల నువ్వు పీకేటందుకు ఏం లేదు గద."

తాళంచెవి చేతికివ్వలేదు. గడప మీద పెట్టి పోయింది. పక్కన ఆ చీర ముక్క కూడా మడతపెట్టి పెట్టింది.

ఇందిరమ్మ తాళంచెవి తీసుకుంది. చీర ముక్కను కొంగుతో పట్టుకొని లోపలికి తెచ్చి, పొయ్యి దగ్గర పెట్టింది. కాల్చేద్దామనుకుంది. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకొని, మళ్ళీ ఆగి, బట్టను విప్పి కిటికీకి ఎత్తి చూసింది. కుట్టు పడిన వరసలోంచి వెలుతురు రావడం లేదు. మిగిలిన వరసల్లోంచి వస్తూనే ఉంది. కడుపులో బిడ్డ కదిలింది. అగ్గిపెట్టె కింద పెట్టి, చీపురు తెచ్చి, ఆ నాలుగు గుంటల చోటు ఊడ్చింది. ఆ రాత్రి పక్కింటి నుంచి అడిగి తెచ్చుకున్న చాప మాత్రం మిషను చోటుకు దూరంగా అవతలి మూలకే పరుచుకుంది, తల దవాఖాన వైపు పెట్టుకొని.